విజయనగరంలో మేడమీది గదిని చప్పుడు చొరని రికార్డింగు గదిగా మార్చాలి, సలహా ఇవ్వండి

జముకు_మోత (విజయనగరం), జూన్ 3

అందరికీ నమస్కారం. మా నాన్నగారు జముకుల కథ చెబుతారు, అంటే జముకు అనే తీగ వాద్యం మీటుతూ పాడి చెప్పే కథ. వయసు 71. అమ్మవారి కథ ఎత్తుకుంటే తెల్లవారేదాకా చెప్పగలరు. వంతపాటకు ఇంకో ఇద్దరు ఉంటారు. ఇన్నేళ్లలో ఆ కథ మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా రికార్డు కాలేదు. జాతరల్లో ఎవరెవరో ఫోనులో పట్టిన ముక్కలున్నాయి కానీ, వాటిలో కథకన్నా జనరేటరే ఎక్కువ వినబడుతుంది.

ఇంట్లోనే ఒక గది సిద్ధం చేసి మొత్తం కథను తీయాలని నా కోరిక. మా ఇల్లు రైలు పట్టాలకు సుమారు 300 మీటర్ల దూరంలో ఉంది. హౌరా–చెన్నై లైనూ, రాయపూర్ వెళ్లే లైనూ ఇక్కడే కలుస్తాయి కాబట్టి గూడ్సు బండ్లకు పగలూ రాత్రీ లేదు. మేడమీది గది పొడవు 10 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా 10. గోడలు నాలుగున్నర అంగుళాలవి. వీధి వైపు పెద్ద కిటికీ ఉంది.

ఒక కాంట్రాక్టరు వచ్చి చూశారు. గోడలనిండా నల్లటి ఫోమ్ పలకలు అంటిస్తే బయటి చప్పుడు పూర్తిగా ఆగిపోతుందని చెప్పి 90 వేలు అడిగారు. నా దగ్గర ఉన్నది లక్షన్నర. చేయించమంటారా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), జూన్ 3

దయచేసి ఆ డబ్బు ఇవ్వకండి. ఎనిమిదేళ్లుగా ఇంట్లో చిన్న రికార్డింగు గది నడుపుతున్నాను, మొదట్లో నేనూ ఇదే మాట నమ్మాను.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం ఒకటి. లోపల పుట్టిన గొంతు గోడలకు కొట్టుకుని మోగకుండా చూడడం ఇంకొకటి. ఫోమ్ చేయగలిగింది రెండోది, అదీ సగమే. చప్పట్లు కొడితే వచ్చే కంగుమనే మోతను తగ్గిస్తుంది. కింది స్థాయి శబ్దాలకు అది ఉన్నా లేనట్టే. 100 హెర్ట్జుల శబ్దతరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. అంగుళం మందం స్పాంజి దాన్ని ఎలా పట్టుకుంటుంది? పైగా ఫోమ్‌లో గాలి అటూ ఇటూ ఆడుతుంది. గాలి పోయే చోటల్లా శబ్దమూ పోతుంది.

శబ్దాన్ని ఆపేవి మూడే. సందు లేకపోవడం, బరువు, రెండు గోడల మధ్య ఎడం. ఈ వరుసలోనే ఖర్చు పెట్టండి. సందులు మూయడానికి అయ్యేది వందల్లో, బరువుకు వేలల్లో, ఎడానికి లక్షల్లో. మన వాళ్లు తిరగేసి మొదలుపెడతారు.

ఇంకో సంగతి. చౌక ఫోమ్ నిప్పంటుకుంటే క్షణాల్లో మండి విషపు పొగ వదులుతుంది. కిటికీ మూసేసిన గదిలో ముగ్గురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి గోడలనిండా దాన్ని అంటించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

చెవి_పెట్టి (పార్వతీపురం), జూన్ 3

మరి గుడ్ల అట్టలు అంటిస్తే? మా స్నేహితుడు గది మొత్తం అంటించాడు. బాగుందంటున్నాడు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), జూన్ 4

ఆ గది తలుపు మూసి, లోపల పాట పెట్టి, మీరు బయట నిలబడి వినండి. అట్టలున్నా లేకున్నా ఒకేలా వినబడుతుంది. అట్టకు బరువెక్కడిది? దుమ్ము పడుతుంది, బొద్దింకలు చేరతాయి, ఉపయోగం అంతవరకే.

ఇటుక_సున్నం (బొబ్బిలి), జూన్ 4

ఇళ్ల నిర్మాణం నా వృత్తి కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

అసలు మేడమీది గది ఎందుకు? అది 10×10×10. పొడవు, వెడల్పు, ఎత్తు ఒకటే అయితే గదికి మూడు వైపులా ఒకే స్వరం మోగుతుంది. మీ కొలతకు అది సుమారు 56 హెర్ట్జులు. దాని రెట్టింపు 112, ఆ పైది 168, ఇవన్నీ మూడు దిక్కుల నుంచీ ఒకేసారి ఉబ్బుతాయి. మగ గొంతు కింది స్వరాలు, జముకు మోత పడేది సరిగ్గా ఈ మధ్యనే. కొన్ని అక్షరాలు డబ్బాలోంచి వచ్చినట్టు వినబడతాయి. తరువాత కంప్యూటరులో దిద్దినా పూర్తిగా పోదు.

రెండోది బరువు. చప్పుడు ఆపడానికి ఆ గదిలోపల ఇంకో గది కట్టాలంటే నాలుగు గోడలకూ పైకప్పుకూ కలిపి 500 చదరపు అడుగులు, అంటే సుమారు 46 చదరపు మీటర్లు. పన్నెండున్నర మిల్లీమీటర్ల జిప్సం బోర్డు చదరపు మీటరుకు సుమారు 8 నుంచి 9 కిలోలు తూగుతుంది. రెండు పొరలు వేస్తే బోర్డులే 800 కిలోలు. ఇనుప చట్రం, మధ్యలో రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నారతో చేసే పలకలు), నేల కలిపితే టన్నుకు చేరువ. మీ శ్లాబు మందం ఎంతో, కింద దూలాలు ఎక్కడున్నాయో చూడకుండా ఎవరూ సరే అనకూడదు. మీ ఊళ్లోనే ఒక ఇంజనీరును పిలిచి చూపించండి.

కింది అంతస్తులో పాత గోడల గది ఏదైనా ఉందా? తొమ్మిదంగుళాల ఇటుక గోడకు రెండు వైపులా పూత ఉంటే చదరపు మీటరుకు 400 కిలోలు దాటుతుంది. ఆ బరువును కొత్తగా కొనాలంటే మీ లక్షన్నర చాలదు.

జముకు_మోత (విజయనగరం), జూన్ 5

ఇంటి వెనక ధాన్యం గది ఉంది. మా తాతగారి కాలం నాటిది. 13 అడుగులు పొడవు, 9 వెడల్పు, ఎత్తు 10. గోడలు తొమ్మిదంగుళాలకు పైనే. ఒక తలుపు, పైన ఒక చిన్న గవాక్షం. ఇప్పుడు అందులో పాత మంచాలు, బిందెలు వేసి ఉంచాం. చీకటిగా ఉంటుందని ఆ గది నా ఆలోచనకే రాలేదు.

ఇటుక_సున్నం (బొబ్బిలి), జూన్ 5

మీ స్టూడియో గోడలను మీ తాతగారు ఎప్పుడో కట్టి పెట్టారు. ఆ మంచాలు బయట పెట్టించండి.

రైలుకట్ట (ఆముదాలవలస), జూన్ 5

నేను పిల్లల కథలు చదివి రికార్డు చేస్తాను. స్టేషనుకు దగ్గరలోనే ఉంటాం. రైలుతో పదేళ్ల కాపురం కాబట్టి దాని గురించి చెబుతాను.

రైలు నుంచి వచ్చేది ఒక శబ్దం కాదు, రెండు. కూత గాలిలో వస్తుంది. దాన్ని గోడ ఆపుతుంది, తలుపు సరిగ్గా ఉంటే తలుపూ ఆపుతుంది. చక్రాల అదురు మాత్రం నేలలోంచి వచ్చి పునాది ఎక్కి గోడలోకి పాకుతుంది. గ్లాసులో నీళ్లు నేల మీద పెట్టి చూడండి, గూడ్సు వెళ్లేటప్పుడు పైన సన్నటి వలయాలు వస్తే ఆ అదురు మీ గదిలోకి చేరినట్టే. దాన్ని ఆపాలంటే నేలను రబ్బరు దిమ్మల మీద తేల్చి కట్టాలి. లక్షన్నరకు అయ్యే పని కాదు.

నేను చేసేది ఒకటే. ఒక వారం పాటు ఏ వేళకు ఏ బండి వెళుతుందో నోటుపుస్తకంలో రాశాను. గూడ్సులకు వేళ లేదు కానీ, మా దగ్గర ఎప్పుడూ ముప్పై నలభై నిమిషాల ఖాళీలు కొన్ని దొరుకుతాయి. ఆ ఖాళీల్లో చదువుతాను. బండి వస్తే ఆగి నీళ్లు తాగుతాను.

ఇంకొకటి, ఇది అందరికీ చెప్పాలని ఉంటుంది. గోడ బరువును రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం దక్కేది 6 డెసిబెళ్లు. మైకును నోటికి అడుగు దూరం నుంచి అరడుగు దూరానికి జరిపితే గొంతు పెరిగేదీ అదే 6 డెసిబెళ్లు. మొదటిదానికి మేస్త్రి, ఇటుక, సిమెంటు, నెల రోజులు. రెండోదానికి చెయ్యి చాపితే చాలు. గోడ సంగతి తలకెత్తుకునే ముందు మైకు సంగతి చూడండి. దగ్గరగా పెట్టిన డైనమిక్ మైకు గది చప్పుడును చాలావరకు వదిలేస్తుంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), జూన్ 6

రైలుకట్ట గారి లెక్క నిజమే. కానీ ఒక్క గొంతు కథ చదవడానికి చెల్లేది జముకుల కథకు చెల్లదండీ. జముకును మీరు దగ్గరగా చూశారో లేదో, డోలులాంటి చెక్క పాత్రకు ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ. పాత్రను చంకలో ఇరికించి ఆ తీగను లాగి మీటుతారు. తీగ బిగువును బట్టి మోత పైకీ కిందికీ జారుతుంది. అది పాత్రలోంచి, తోలు మీంచి, చుట్టూ ఉన్న గాలిలోంచి కలిసి వచ్చే మోత. అరడుగు దూరంలో మైకు పెడితే తీగ టకటక మాత్రమే పడుతుంది. కనీసం రెండు మూడు అడుగులు దూరం కావాలి. పైగా రైలు అదురును తీసేయడానికి 80 హెర్ట్జుల కింద కోత పెడతారు చూడండి, చదివే గొంతుకు ఆ కోత వల్ల నష్టం లేదు, జముకుకు మాత్రం ప్రాణం పోతుంది.

కాబట్టి గొంతుకు దగ్గరగా ఒకటి, జముకుకు ఎడంగా ఇంకొకటి, రెండు మైకులు. ఎడంగా ఉండే ఆ రెండో మైకు కోసమే గది నిశ్శబ్దంగా ఉండాలి.

రైలుకట్ట (ఆముదాలవలస), జూన్ 6

ఒప్పుకుంటున్నాను. వాద్యం సంగతి నేను ఆలోచించలేదు. అయితే రైళ్ల పుస్తకం మాత్రం ఇద్దరికీ పనికొస్తుంది.

పనసకర్ర (విజయనగరం), జూన్ 7

నేను వీణ నేర్పుతాను. ఈ ఊరి సంగీత కళాశాలలోనే చదువుకున్నాను. 1919లో విజయరామ గాన పాఠశాలగా మొదలైన చోటు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ఆ తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అధ్యక్షులుగా నడిపిన చోటు. ఘంటసాల, సుశీల అక్కడే పాఠం నేర్చుకున్నారు. ఇన్ని గొంతులు పెరిగిన ఊళ్లో ఒక పెద్దాయన కథను పట్టి ఉంచడానికి ఇంటి వెనక గదిని వెతుక్కోవాల్సి రావడం నాకు బాధగా ఉంది. మీరు చేస్తున్నందుకు సంతోషంగానూ ఉంది.

ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. మా గురువుగారి వాదన రికార్డు చేయాలని నేనూ గది మొదలుపెట్టాను. తలుపు బాగాలేదని ఒకసారి, ఏసీ చప్పుడని ఒకసారి, రెండేళ్లు సాగదీశాను. గది సిద్ధమయ్యేసరికి గురువుగారి ఎడమచేతి మధ్యవేలు తంత్రిని పక్కకు లాగలేకపోయింది. స్వరాలు పలుకుతున్నాయి, గమకం లేదు. ఆయన నవ్వి వీణ పక్కన పెట్టారు. ఆ గదిలో ఇప్పుడు నా పిల్లల పాఠాలే రికార్డవుతున్నాయి.

గది పని ఎంతైనా కానీయండి. ఈ ఆదివారమే ఆ ధాన్యం గదిలో మూడు వైపులా దండేల మీద బొంతలు వేలాడదీసి, నేల మీద బూరుగు దూది పరుపు పరిచి, ఎవరి దగ్గరైనా ఒక రికార్డరు అరువు తెచ్చి, ఒక గంట కథ తీయండి. దూది కాబట్టి దీపాలకూ వైర్లకూ దూరంగా ఉంచండి. బాగా రాకపోయినా తీయండి.

జముకు_మోత (విజయనగరం), జూన్ 9

పనసకర్ర గారూ, మీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నిన్న తీశాం. నాన్నగారు గంటా పది నిమిషాలు చెప్పారు. మధ్యలో రెండు కూతలు పడ్డాయి. అయినా మొదటిసారి ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

ఇక గది పని మొదలుపెడుతున్నాను. తలుపు, గవాక్షం ఏం చేయాలో చెప్పండి. దసరా తరువాత సిరిమానోత్సవం లోపు పూర్తవ్వాలి. ఆ రోజుల్లో ఊరంతా మైకులే, రికార్డింగు మాట ఉండదు.

ఇటుక_సున్నం (బొబ్బిలి), జూన్ 10

గవాక్షాన్ని ఇటుకతో కట్టించి రెండు వైపులా పూత వేయించండి. అద్దాల కిటికీ పెట్టాలన్న ఆశ వద్దు. లోపలి మనిషి కనబడాలంటే చిన్న కెమెరా చాలు.

తలుపు అసలైన చోటు. గోడ ఎంత గొప్పదైనా, దాని వైశాల్యంలో నూరో వంతు కంత ఉంటే మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి ఆపదు. తలుపు కింద అరంగుళం సందు, పక్కన పావంగుళం సందు కలిపి చూసుకోండి. బోలు తలుపు తీసేసి 35 మిల్లీమీటర్ల గట్టి ఫ్లష్ తలుపు పెట్టండి. ద్వారబంధం చుట్టూ లోపలి అంచుకు రబ్బరు పట్టీ, కింద ఎత్తైన గడప. ద్వారబంధానికీ గోడకూ మధ్య సిమెంటు రాలిన చోట్ల ఎండినా పగలని సీలెంటు నింపాలి. గోడ మందం ఉంది కాబట్టి లోపలి వైపు రెండో తలుపు కూడా పెట్టవచ్చు. రెండు తలుపుల మధ్య ఆ నాలుగంగుళాల గాలి, ఒకే లావుపాటి తలుపుకన్నా మేలు చేస్తుంది.

పని అయ్యాక రాత్రిపూట లోపల దీపాలు ఆర్పి తలుపు మూసుకుని కూర్చోండి. బయట ఎవరినైనా టార్చి పట్టుకుని తలుపు చుట్టూ తిప్పమనండి. వెలుగు కనబడిన ప్రతిచోటా ఇంకా పని ఉన్నట్టే.

ఇప్పుడు అందరూ మరిచిపోయే సంగతి, గాలి. గదికి సందు లేకుండా చేస్తే మనుషులకు గాలి ఉండదు. ఒక మనిషి గంటకు ఇరవై లీటర్ల దాకా బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. గొంతెత్తి పాడితే ఇంకా ఎక్కువ. మీ గదిలో ముగ్గురు గంట కూర్చుంటే తలనొప్పి, ఆవలింతలు తప్పవు. 71 ఏళ్ల మనిషి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. గాలి పెట్టెలు రెండు చేయించండి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ప్లైవుడ్ పెట్టె, లోపల మూడు నాలుగు అడ్డు పలకలు, గాలి వంకరగా తిరిగి వెళ్లేలా. లోపలి గోడలకు రాక్‌వూల్, దాని మీద పలుచటి బట్ట. దారి వెడల్పుగా ఉండాలి, ఫ్యాను నెమ్మదిగా తిరగాలి. గాలి మలుపులు తిరిగి వచ్చేస్తుంది, శబ్దం ఆ మలుపుల్లో అరిగిపోతుంది.

పనసకర్ర (విజయనగరం), జూన్ 10

గాలి మాటకు నాది ఒకటి. వీణకు 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. మా గదికి మొదట గాలిపెట్టె లేదు. మే నెలలో మూసిన గదిలో గంటన్నర వాయించేసరికి మైనం మెత్తబడి పై స్థాయి మెట్లు రెండు పక్కకు ఒరిగాయి. జముకు తోలు కూడా ఉక్కకు సడలుతుంది, ఏసీకి బిగుస్తుంది. రికార్డింగుకు గంట ముందే ఏసీ వేసి, వాద్యాన్ని ఆ గదిలోనే ఉంచి, తీసేటప్పుడు ఆపేయండి.

చెవి_పెట్టి (పార్వతీపురం), జూన్ 11

లోపల మోగకుండా ఏం పెట్టాలి? గుడ్ల అట్టలు పీకేయమని మా వాడికి చెప్పాను. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పకపోతే నన్ను వదలడు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), జూన్ 11

నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు చెక్క చట్రాలు చేయించండి. లోపల రాక్‌వూల్, ఘనమీటరుకు 48 నుంచి 60 కిలోల సాంద్రత ఉన్నది, రెండంగుళాల పలకలు రెండు కలిపి నాలుగంగుళాలు. గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా వేలాడదీస్తే కింది స్వరాలను ఇంకా బాగా పీల్చుకుంటుంది. మూలల్లో నిలువుగా, నేల నుంచి పైదాకా పెట్టండి, కింది మోత పేరుకునేది అక్కడే.

పైన కప్పడానికి ఖరీదైన బట్ట అక్కర్లేదు. మన జిల్లాల్లో గోగు పండుతుంది, నెల్లిమర్లలో జనపనార మిల్లు ఉంది, గోనెపట్టకు కొదవా? పట్టను నోటికి ఆనించి ఊదండి. గాలి అవతలికి సులువుగా పోతే పనికొస్తుంది. ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టి వాడండి, లేకపోతే నూగు తుమ్ములు తెప్పిస్తుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. లోపల పలుచటి బట్ట ఒక పొర చుట్టి, ఆపైన గోనె వేయండి.

గది మొత్తం కప్పేయకండి. అన్నీ పీల్చేసే గదిలో జముకు చచ్చిపోయినట్టు ఉంటుంది. పాడే మనిషికి ఎదురుగా, పక్కల, మూలల్లో పెట్టి, వెనక గోడ కొంత ఖాళీగా వదలండి. పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలో తెలియకపోతే, పాడే చోట కూర్చుని ఇంకొకరిని అద్దం పట్టుకుని గోడ వెంట నడవమనండి. అద్దంలో మైకు కనబడిన చోటే ఒక చట్రం.

జముకు_మోత (విజయనగరం), ఆగస్టు 24

రెండున్నర నెలలు పట్టింది. ఇప్పటికి లక్షా పన్నెండు వేలు అయింది. అందులో సగం రెండు తలుపులకూ ఏసీకీ పోయింది. చట్రాలు తొమ్మిది, మా ఊరి వడ్రంగి చేశారు.

టార్చి పరీక్షలో తలుపు నెగ్గింది. అయినా వీధిలో స్కూటరు వెళితే ఏదో ఒక మూల నుంచి సన్నగా వినబడుతూనే ఉంది. మూడు రాత్రులు వెతికాను. చివరికి గోడకు చెవి ఆనించి జరుపుకుంటూ పోతే ఏసీ గొట్టం దగ్గర దొరికింది. గొట్టం చుట్టూ ప్లాస్టిక్ మూత చక్కగా బిగించారు కానీ, దాని వెనక రెండున్నర అంగుళాల కంత అటు నుంచి ఇటు ఖాళీగానే ఉంది. వెలుగు మూత దగ్గర ఆగిపోయింది, శబ్దం ఆగలేదు. రాక్‌వూల్ ముక్కలు కూరి, రెండు వైపులా సీలెంటు పెట్టాను. ఆ రాత్రి లోపల కూర్చుంటే నా చేతి గడియారం వినబడింది.

కూత ఇప్పుడు దాదాపు లేదు. గూడ్సు అదురు ఉంది, రైలుకట్ట గారు చెప్పినట్టే. పుస్తకం రాశాను. మధ్యాహ్నం భోజనాల తరువాత ఒక ఖాళీ, రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇంకోటి. నాన్నగారికి రాత్రి ఖాళీయే నచ్చింది. కథ చెప్పే వేళ అదేనంటారు.

నిన్న రాత్రికి నాలుగు భాగాలు పూర్తయ్యాయి. మూడో భాగంలో అమ్మవారు ఊరి పొలిమేర దాటే చోట ఆయన జముకు ఆపి, గొంతు బాగా తగ్గించి, ఒక్క వాక్యం మాటగా చెబుతారు. నాకు నలభై రెండేళ్లు, ఆ వాక్యం ఎప్పుడూ వినలేదు. జాతరలో ఆ చోట వంతవాళ్ల తాళమో జనం గోలో ఉండేది. ఎప్పటి నుంచి చెబుతున్నారని అడిగాను. మొదటి నుంచీ చెబుతున్నానన్నారు.

పనసకర్ర (విజయనగరం), ఆగస్టు 24

రెండు కాపీలు తీసి వేర్వేరు ఇళ్లలో పెట్టండి. ఒకటి మా ఇంట్లో ఉంచుకుంటాను.

ఇటుక_సున్నం (బొబ్బిలి), ఆగస్టు 25

గాలిపెట్టె ఫ్యాను చప్పుడు మైకుకు అందుతోందా?

జముకు_మోత (విజయనగరం), ఆగస్టు 25

తక్కువ వేగంలో అందడం లేదు. మధ్య వేగంలో సన్నటి ఈల వస్తోంది, రెండో మలుపు దగ్గర. అక్కడ దారి ఆరంగుళాలే వదిలాం.

ఇటుక_సున్నం (బొబ్బిలి), ఆగస్టు 25

ఆ మలుపును తొమ్మిదంగుళాలు చేయండి. పెట్టె మూత తీసి ఫొటో పెట్టండి, ఏ పలక కోయాలో గుర్తు పెట్టి పంపుతాను.